మల్లప్ప చెప్పకుండా పోయిన రోజు

ఆ బుధవారం మల్లప్ప తలపెట్టిన పని చాలా చిన్నది. పెళ్ళాన్ని తీసుకుని బస్సెక్కాలి, గోల్ గుంబజ్ చూడాలి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. షోలాపూర్ నుంచి బీజాపూర్ ఏమంత దూరం? పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కేలోపు అక్కడుంటారు. ఇంత చిన్న పని చేయడానికి ఆ మనిషికి పెళ్ళైన దగ్గర్నుంచి తీరిక దొరకలేదు.

అసలు తప్పు ఆంజనేయులు శేటుది. నీలం నగర్ గల్లీలో సగం ఇళ్ళకు నూలు ఇచ్చి నేయించుకునేది ఆయనే. ఏడాదికొక క్యాలెండర్ పంచుతాడు, అందులో నెలకొక బొమ్మ, అన్నీ మన దేశంలో చూడదగిన ప్రదేశాలు. నెల తిరగ్గానే గోదావరి ఆ కాగితం పారెయ్యదు, వంటింటి అలమరలో పరుస్తుంది. కందిపప్పు డబ్బా కోణార్క మీద ఉంటుంది. ఉప్పు జాడీ హంపి రథం మీద ఉంటుంది. ఎప్పుడో నూనె ఒలికి తాజ్ మహల్ పసుపుపచ్చగా మారింది. దేశమంతా మన ఇంట్లోనే ఉండగా మళ్ళీ చూడ్డానికి పోవడం దేనికని మల్లప్ప వాదించేవాడు.

గోల్ గుంబజ్ కాగితం మాత్రం అలమరలోకి పోలేదు. గోదావరి బీడీలు చుట్టే చోట, కళ్ళెదురుగా గోడకు అంటించుకుంది. దాని కింద మరాఠీలో రెండు వాక్యాలున్నాయి. ఆ గుంబజ్ లోపల పైన గుండ్రంగా ఒక వరండా ఉందట. దానికి ఈ చివర గోడ దగ్గర గుసగుసగా అన్న మాట ఆ చివర ఉన్నవాళ్ళకు చెవిలో చెప్పినట్టు వినిపిస్తుందట. ఆ రెండు వాక్యాలూ ఆమెకు కంఠతా వచ్చు.

ఎందుకంటే ఆమె సిరిసిల్ల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజునుంచి ముందు గదిలో నాలుగు సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. సాంచాలంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కవాడు తుమ్మినా వినపడదు. “అన్నం తింటవా” అన్నా అరవాలి, “జరమొచ్చింది” అన్నా అరవాలి. అవి ఆగే వేళకు మల్లప్ప ఒళ్ళు మంచం మీద వాలిపోతుంది. దానికితోడు అన్నేళ్ళ చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. మొగుడితో ఒక్క మాటైనా మెల్లగా చెప్పిన గుర్తు గోదావరికి లేదు.

“ఒక్క మాట ఉన్నదయ్యా నీతోని. అరవకుండ చెప్పాలె,” అంది ఆమె మొన్న, అరిచి.

“ఏం మాట?”

“గక్కడ చెప్త. గోల్ గుంబజ్ ల.”

మల్లప్ప ఆమె ముఖం చూశాడు. గోడ మీది కాగితం చూశాడు. అది గోడ రంగులో కలిసిపోయేంత పాతబడింది. “బుధవారం పోదాం,” అన్నాడు.

షరతు ఒక్కటే, గల్లీలో ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఏమవుతుందో తుల్జాపూర్ ప్రయాణంలో తెలిసింది. పక్కింటి పెంటయ్యకు ఒక్క ముక్క చెప్పినందుకు గల్లీ గల్లీ అంతా బయలుదేరింది. గోదావరి తెల్లవార్లూ పూరీలు వత్తింది. అమ్మవారి దర్శనం వేళకు మల్లప్ప పెంటయ్య చెప్పులు వెతుకుతున్నాడు. అందుకే ఈసారి సెలవు రోజు కూడా వద్దనుకున్నారు. సెలవంటే అందరూ గుమ్మాల్లోనే కూర్చుంటారు. పనిరోజైతే ఎవరి మగ్గం వాళ్ళది, ఎవరూ తల ఎత్తరు. శేటు ఫోన్ చేసి సతాయిస్తాడని మల్లప్ప తన ఫోన్ కూడా ఇంట్లోనే పెట్టి, తాళం వేసి, ఇంకా చీకటి ఉండగానే పెళ్ళాంతో గల్లీ దాటాడు. దొంగలు కూడా అంత జాగ్రత్తగా పోరు.

ఒక్కటే మరిచిపోయాడు. ఆ గల్లీలో కరెంటు పోతే అందరి సాంచాలూ ఆగుతాయి. పనిరోజు ఒక్క ఇంటివే ఆగాయంటే, ఆ ఇంట్లో మనిషి పోయినట్టు. జ్వరమొచ్చినా, పెళ్ళైనా ఎవరినో ఒకరిని నిలబెట్టి నడిపిస్తారు గాని ఆపరు. చావు ఇంట సాంచాలు ఆగితే మిగతా ఇళ్ళవాళ్ళూ వరసగా ఆపేస్తారు. దహనమై, మగవాళ్ళు తలస్నానాలు చేసి వచ్చేదాకా గల్లీలో పోగు కదలదు. ఇదంతా మల్లప్పకు తెలియక కాదు. కానీ ఆయన మగ్గాలు ఆగడం ఆయనెప్పుడూ పక్కింట్లోంచి వినలేదు.

బస్టాండులో మొదటి బస్సు రాలేదు. రెండోది వచ్చింది గాని, అందులో కాలు పెట్టే చోటు లేదు. మల్లప్ప బెంచీ మీద కూర్చుని చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

“ఏందయ్యా?”

“ఏమో. చెవులల్ల ఏదో తక్కువైనట్టున్నది. నిద్రొస్తున్నది గాని పడుతలేదు.”

“సుట్టీ అంటే, పని లేని దినమంటే గట్లనే ఉంటదేమో,” అంది గోదావరి. ఆమెకు మాత్రం ఏం తెలుసు?

వీళ్ళు బస్టాండులో పడిగాపులు కాస్తున్నప్పుడు గల్లీలో ఏం జరిగిందో మల్లప్పకు తర్వాత పదిమంది చెప్పారు. ఎవరికి వారు తమ తప్పు తీసేసి చెప్పారు గనక, అందరివీ కలిపితే గాని కథ పూర్తి కాలేదు. పెంటయ్య ముసలాయన. తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది. గోడ అవతల మల్లప్ప సాంచాలు మొదలయ్యాకే ఆయనకు అసలు నిద్ర పట్టేది. ఆ రోజు ఎంతసేపు కళ్ళు మూసుకున్నా గోడ పలకలేదు. లేచి వచ్చి చూస్తే తాళం. ఫోన్ చేస్తే ఇంటి లోపల మోగింది.

“ఫోను లోపట, మనిషి బయట. సోయి లేకుండనే దవాఖానకు ఎత్తుకపోయిన్రు,” అన్నాడు పెంటయ్య.

ఎదురింటి సుందరాబాయి చీపురు కింద పడేసింది. “నిన్న మాపటీలి గోదావరి నాతోని, రేపు తులసికి జరన్ని నీళ్లు పొయ్యి వదినె అన్నది. కండ్లనిండ నీళ్లు!”

గోదావరి అప్పుడు ప్రయాణంలోకి ఉల్లిపాయలు కోస్తోంది. ఆ సంగతి సుందరాబాయికి ఎవరు చెప్పాలి? మల్లప్పకు నూలు దుమ్ము దగ్గు ఎప్పటినుంచో ఉంది. అది మూడిళ్ళు దాటేసరికి ఆయాసమైంది, ఆరిళ్ళు దాటేసరికి గుండెపోటైంది. పెంటయ్య తన ఇంటి సాంచాలు ఆపించాడు. సుందరాబాయి ఇంట్లో ఆగాయి. తర్వాత ఒక్కొక్కటే ఆగుతూ గల్లీ మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం విని ఆంజనేయులు శేటు నూలు దించే టెంపో ఖాళీ చేయించి పంపాడు. సిరిసిల్ల విడిచి ఊరి పక్కనే కుంభారిలో ఉంటున్న గోదావరి తమ్ముడు విష్ణుకు సుందరాబాయి ఫోన్ చేసి, మాట కంటే ఏడుపే ఎక్కువ వినిపించింది. అతను ఏ దవాఖానా అని అడగలేదు. బావ పోయాడన్న మాట ఒక్కటి పట్టుకుని, ముసలి తల్లి యల్లమ్మను వెంటబెట్టుకుని, దారిలో ఫ్లెక్స్ షాపు దోస్తును నిద్రలేపి మరీ వచ్చాడు. మనిషి పోయిన పూటే కూడలిలో ఫ్లెక్స్ కట్టకపోతే, పోయినవాడికి నా అన్నవాళ్ళు లేరనుకుంటారు.

“మరి మయ్యత్ ఏ దవాఖానల ఉన్నది, కాకా?” అని ఎవరో శవం గురించి అడిగారట.

“గది తెల్వంగనే చెప్తరు. గంతలోపట మిగితా పనులు కానియ్యిన్రి,” అన్నాడు పెంటయ్య. గల్లీలో చావు పనులన్నీ ఆయన చేతిమీదుగానే జరుగుతాయి. విష్ణును టెంపోలో వెదురు బొంగులకు పంపాడు. సంతాపసభలో శేటును రెండు మాటలు మాట్లాడమన్నాడు. చివర రెండు నిమిషాల మౌనం అని ఖాయం చేశాడు.

ఎట్టకేలకు మూడో బస్సులో చోటు దొరికింది. కిటికీ పక్కన గోదావరి, ఆమె పక్కన మల్లప్ప. బస్సు ఊరు దాటకముందే ఒక చౌరస్తాలో ఆగింది. మల్లప్ప బయటకు చూశాడు. శేటు టెంపో నిలబడి ఉంది. విష్ణు దాంట్లోకి వెదురు బొంగులు ఎక్కిస్తున్నాడు. బొంగుల తర్వాత కొత్త కుండ ఎక్కింది. అది గోదావరి కూడా చూసింది.

“తమ్ముడు!” అని, తల్లి తలపుకొచ్చి, లేచి నిలబడింది. “అవ్వకేమో అయిందయ్యా! అవ్వ పోయింది!”

కండక్టర్ విజిల్ వేసేలోపు ఇద్దరూ కిందికి దూకినంత పని చేశారు. అప్పటికే టెంపో కదిలిపోయింది. ఆటో ఎక్కి వెంటపడ్డారు. టెంపో కుంభారి వైపు పోలేదు. తిన్నగా వచ్చి నీలం నగర్లో తిరిగింది.

“అవ్వను మనింటికి తెస్తున్నరా? నాకు చెప్పనన్న చెప్పకపోయిన్రే!” గోదావరి కొంగు నోట్లో కుక్కుకుంది. మల్లప్ప దృష్టంతా గల్లీ మీదే ఉంది. ఒక్క సాంచా చప్పుడు లేదు.

గల్లీ నిండా జనం. గోదావరి తలమీద కొంగు కప్పుకుని, ఏడుస్తూ ఆడవాళ్ళలోకి పోయింది. సుందరాబాయి ఎదురొచ్చి కౌగిలించుకుంది.

“వచ్చినవానే గోదావరీ! ఎట్ల బతుకుతవే!”

“ఎట్ల బతుకుత వదినె!”

“బంగారమసొంటి మనిషి!”

“ఆఖరుకు మొఖం సుత చూడకపోతి!”

సుందరాబాయి ఏడుపు ఆపింది. “అదేందే? నువ్వు లేకపోతే మరి దవాఖానల పక్కన ఎవలున్నరు?”

గోదావరి అప్పటికే అరుగు వైపు చూస్తోంది. అరుగు మీద గుండెలు బాదుకుంటూ అందరికంటే గట్టిగా ఏడుస్తున్న ముసలిది తన తల్లి యల్లమ్మే.

“అవ్వా! నువ్వున్నవా?”

“నేనుండి ఏం లాభం బిడ్డా! వాడే పోయిండు!”

“ఎవలు?”

యల్లమ్మ వేలు పైకి చూపింది.

అదే సమయానికి మల్లప్ప ఆటోను పంపించి, మగవాళ్ళలో ఖాళీ చూసుకుని ఆంజనేయులు శేటు పక్కన కూలబడ్డాడు. “ఎవలు పోయిన్రు శేట్?” అన్నాడు మెల్లగా.

“మల్లప్ప,” అన్నాడు శేటు తల ఎత్తకుండా. “మొన్ననే టవళ్లు ఆలస్యమైతయంటే తిట్టిన. గందుకే గిట్ల చేస్తడనుకోలే.”

మల్లప్ప కూడా పైకి చూశాడు. గల్లీ మొగన పెద్ద ఫ్లెక్స్. మరాఠీలో ‘భావపూర్ణ శ్రద్ధాంజలి’ అని ఉంది. ఎవరి పెళ్ళిలోనో తలపాగా కట్టుకుని దిగిన ఫోటో. వెనక మంచుకొండలు, నీలం రంగు సరస్సు, ఎగిరే కొంగలు. ఫోటోలో మనిషిని ఎక్కడో చూసినట్టుందే అని ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే గోదావరి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

“నన్ను ఇడిసిపెట్టి గీ మంచుకొండలు ఒక్కనివే ఎప్పుడు చూసొచ్చినవయ్యా?”

అప్పుడు శేటు తల ఎత్తాడు. ఎత్తి, కూర్చున్న కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

ఆ తర్వాత గోల సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. మనిషి బతికి ఉన్నాడన్న సంతోషం గల్లీకి లేకపోలేదు గాని, అది ఒక గ్లాసు చాయ్ తాగేంతసేపే నిలిచింది. తర్వాత కోపం వచ్చింది.

“బతికున్నోనివి సాంచాలెందుకు బంద్ జేసినవురా?” అన్నాడు పెంటయ్య.

“బీజాపూర్ పోదామని, కాకా. గోల్ గుంబజ్.”

“చెప్పి పోవద్దా?”

మల్లప్ప అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. అలిసిన మనిషి నోట నిజం తప్ప ఏమీ రాదు. “చెప్తే మీరంత వస్తరని.”

గల్లీ మళ్ళీ నిశ్శబ్దమైపోయింది. చావుకు కూడా అంత నిశ్శబ్దం కాలేదు.

“మేమొస్తే ఏందట?” అంది సుందరాబాయి. “నీ కోసరం పొయ్యి ముట్టియ్యలే పొద్దటిసంది!”

“సరే, తప్పయింది. పోయి ఎవల సాంచాలు ఆళ్లు షురూ చెయ్యిన్రి,” అన్నాడు మల్లప్ప దండం పెడుతూ.

పెంటయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. “ఎట్ల షురూ చేస్తరు? చావుకు ఆపిన సాంచా దహనం గాకుండ తిప్పుతరా? గల్లీకి అరిష్టం.”

“దహనం దేనికి కాకా, నేను బతికే ఉన్న గదా!”

“గదే గద నేను చెప్తున్న. దహనం లేదు. దహనం లేకపోతే స్నానం లేదు. స్నానం లేకపోతే సాంచా లేదు.”

ఇలాంటి చిక్కు గల్లీ పుట్టిన దగ్గర్నుంచి రాలేదు. ఒకరు వెదురు బొంగులు కాల్చేద్దామన్నారు. ఒకరు ఫ్లెక్స్ కాల్చేద్దామన్నారు, విష్ణు ఒప్పుకోలేదు. యల్లమ్మ అల్లుడి వైపు చూసి, “ఇంత దూరం వచ్చిన,” అని నిట్టూర్చింది. ఎండెక్కుతోంది. మల్లప్ప తన పాడె కోసం తెచ్చిన బొంగుల కట్ట మీదే కూర్చున్నాడు. ఆయనకు ఒక్కటే అర్థమైంది. ఇవాళ బుధవారం కూడా అయిపోయింది. ఇంటికి పోగానే గోదావరి ఆ కాగితం గోడమీంచి పీకి అలమరలో పరిచేస్తుంది. అది తలచుకుంటే ఆయనకు నిజంగానే చచ్చినంత పనైంది.

గోదావరి మాత్రం కొంగు నడుముకు దోపింది.

“కాకా, నువ్వు శాన చావులు చూసినవు. ఒక్కటడుగుత. గోల్ గుంబజ్ అంటే ఏంది?”

“ఏందంటే? బాద్షా సమాధి.”

“సమాధే గదా! మీకు సమాధి కాడికి పోయి రావాలె, గప్పుడు స్నానాలు చెయ్యాలె, గప్పుడు సాంచాలు తిప్పాలె. నాకు గోల్ గుంబజ్ చూడాలె. టెంపో ఉన్నది. మంది ఉన్నరు. ఇగ ఊకె కూసుంటరేంది?” ఆమె ఒక్కొక్కరి ముఖం చూసింది. “ఒక్క దినం అడిగిన. పెండ్లయినసంది ఒక్క దినం. గది సుత చావుల పడి పోవాల్నా?”

పెంటయ్య గడ్డం గోక్కున్నాడు. పాత చావులన్నీ మనసులో తిరగేసుకున్నాడు.

“మయ్యత్ లేదు,” అన్నాడు చివరికి. “గని సమాధి ఉన్నది. చెల్తది.”

అలా బయలుదేరారు, గల్లీ గల్లీ అంతా. మల్లప్ప దేనికి భయపడి చీకట్లో దొంగలా పోయాడో సరిగ్గా అదే జరిగింది. టెంపో వెనక ఎండ కొడుతోందని విష్ణు ఫ్లెక్సే తెచ్చి పైన కప్పాడు. అంచులు పక్కలకు వేలాడి, ఒకవైపు మల్లప్ప తలపాగా, రెండోవైపు శ్రద్ధాంజలి కనిపిస్తున్నాయి. ఎదురొచ్చిన లారీవాళ్ళు వేగం తగ్గించి దండం పెట్టారు. డ్రైవర్ పక్కన కూర్చున్న మల్లప్ప ఓపిక ఉన్నంతవరకు తిరిగి దండం పెట్టాడు.

“నేను సుత చూడలే మల్లప్పా,” అన్నాడు పక్కనే ఇరుక్కున్న శేటు, దారిలో. “క్యాలెండర్ల బొమ్మలు ప్రెస్సోడు పెడుతడు. నేనేడికి పోయిన?”

గోల్ గుంబజ్ చాలా పెద్దది. క్యాలెండర్ కాగితం చూసి అంత పెద్దదని ఎవరూ అనుకోలేదు. చెప్పులు విప్పి, ఇరుకు మెట్లెక్కి, మోకాళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ అందరూ ఆ గుండ్రటి వరండా చేరారు. చేరగానే ఎవరో “ఓయ్” అన్నారు. గుంబజ్ దాన్ని పట్టుకుని పదేపదే అప్పగించింది. ఇక చూడాలి గల్లీవాళ్ళను. సాంచాల మధ్య బతికినవాళ్ళకు గుసగుస అంటే ఏంటో తెలియదు. ఒకరినొకరు పేర్లు పెట్టి అరిచారు. సుందరాబాయి కోడల్ని పిలిచింది, శేటు నూలు రేటు అరిచాడు. అన్నీ కలిసి తిరిగి తిరిగి, సరిగ్గా గల్లీలో అన్ని సాంచాలూ ఒకేసారి నడిచినట్టే మోగింది.

గోదావరి అవతలి చివర గోడకు నోరు ఆనించి నిలబడి ఉంది. అంత దూరంలో ఆమె ఇంత చిన్నగా కనిపిస్తోంది. పెదాలు కదిలాయి. మల్లప్ప చెవి గోడకు ఆనించాడు, రెండో చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె గోడకు వీపు ఆనించి కిందికి జారి కూర్చుంది. అన్నేళ్ళ కాపురంలో గోదావరి అలా కూలబడి కూర్చోవడం మల్లప్ప ఎన్నడూ చూడలేదు.

ఆయన పోయి పెంటయ్య భుజం పట్టుకుని చెవిలో అరిచాడు. “కాకా! నాకు రెండు నిమిషాల మౌనం అంటిరి గదా? గది బాకీ ఉన్నది.”

“నువ్వు బతికున్నవు గదరా!”

“ఆత్మశాంతి బతికున్నోనికే గద కాకా కావాలె!”

పెంటయ్య ఆలోచించాడు. పొద్దున్నుంచి ఆయన కార్యక్రమంలో ఒక్కటీ సవ్యంగా జరగలేదు. ఇదొక్కటైనా జరగనీ అనుకున్నట్టున్నాడు. రెండు చేతులూ పైకెత్తి గర్జించాడు. “అందరు నిలబడున్రి! కీర్తిశేషుడు... మన మల్లప్ప ఆత్మశాంతి కోసరం రెండు నిమిషాలు!”

ఆ గర్జన గుంబజ్ చుట్టూ తిరిగి తిరిగి అణిగిపోయింది. చేతులు కట్టుకుని, తలలు వంచి, గల్లీ అంతా గోడ వెంట వరసగా నిలబడింది. కింద ఎక్కడో పావురం రెక్క కొట్టుకోవడం కూడా వినిపించింది. మల్లప్ప పరుగున తన చోటికి వచ్చి గోడకు చెవి ఆనించాడు. అవతల గోదావరి లేచింది.

గోడ పలికింది. పక్కనే నిలబడి చెవిలో చెప్పినట్టు, అరుపు లేని గొంతు. ఆ గొంతు అంత మెత్తగా ఉంటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

“శాన అలిసిపోయినవు గదయ్యా?”

“అవును,” అన్నాడు మల్లప్ప, గోడకు మాత్రమే వినిపించేలా.

కానీ ఆ గోడ అందరిదీ. ఆ మాట వరండా చుట్టూ అందరి చెవుల్లోనూ అంతే మెత్తగా పడింది, ఎవరికి వారికి తమనే అడిగినట్టు. ముందు శేటు “అవును” అన్నాడు. తర్వాత సుందరాబాయి. విష్ణు అన్నాడు. యల్లమ్మ ఎక్కిన మెట్లన్నీ తలచుకుని మరీ అంది. గుంబజ్ ప్రతి అవునునూ తీసుకుని, మళ్ళీ మళ్ళీ అందరికీ పంచింది.

రెండు నిమిషాలు ఇంకా కాలేదని పెంటయ్య అందరినీ కసిరాడు.